పసుపు రంగు లోహం, అయిదు వరుసలు: నాణేల నగలకు విలువ కట్టిన ఒక సేవపై సమీక్ష

మా మేనత్త మరణించిన చాలా ఏళ్ళకు ఆమె పేరిట ఒక లాకర్ ఉండేదని, అద్దె అందక దానిని పగలగొట్టి తెరిచారని, లోపలి వస్తువులను హక్కుదారులు రాని ఆస్తులను భద్రపరిచే విభాగానికి అప్పగించారని మాకు తెలిసింది. వారసత్వ పత్రాలు, గుర్తింపు కాగితాలు, ఆమె దాచుకున్న ఒక పాత అద్దె రసీదు సమర్పించిన మీదట సీలు వేసిన సంచి ఒకటి మా చేతికి వచ్చింది. దానితో పాటు ఇచ్చిన జాబితాలో అయిదు వరుసలు ఉన్నాయి. మొదటి వరుసలో "పసుపు రంగు లోహపు బ్రేస్‌లెట్, నాణేల వంటి బిళ్ళలు అయిదు" అని రాసి ఉంది. మిగిలిన నాలుగూ అదే ధోరణిలో ఉన్నాయి. బంగారం అనే మాట ఎక్కడా లేదు, విలువ గడి ఖాళీగా ఉంది.

ఈ రాతను చూసి మొదట చిన్నబుచ్చుకున్నాను కానీ, ఆలోచిస్తే అది సరైన రాతే. లాకరు తెరిచినప్పుడు సాక్షుల సమక్షంలో జాబితా రాసే ఉద్యోగికి లోహం పరీక్షించే అధికారమూ ఉండదు, పనిముట్టూ ఉండదు. కంటికి కనిపించిన రంగు, లెక్కకు అందిన సంఖ్య మాత్రమే అతను రాయగలడు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఆ జాబితానే విలువకు ఆధారమని వారసులు అనుకున్నప్పుడు. జాబితా ఏమేమి ఉన్నాయో చెబుతుంది, అవి ఎంత చేస్తాయో చెప్పదు. ఆ రెండవ పని కోసం నేను ఆశ్రయించిన మూల్యాంకన సేవ గురించే ఈ సమీక్ష. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అది చేసిన పనిలో మెచ్చుకోదగినదీ ఉంది, సహించరానిదీ ఉంది.

అక్కడికి వెళ్ళే ముందు, పాత బంగారం కొని కరిగించే ఒక చోటికి బ్రేస్‌లెట్ తీసుకువెళ్ళాను. పది నిమిషాలలో పని ముగిసింది. అక్కడి మనిషి బ్రేస్‌లెట్ మొత్తాన్ని త్రాసులో పెట్టాడు, 54 గ్రాములు తూగింది. తరువాత నాణేలను పట్టి ఉంచిన గొలుసు అల్లికను గీటురాయిపై గీసి, 14 క్యారెట్లు అని తేల్చి, మొత్తం బరువుకు అదే వన్నె వర్తింపజేశాడు. ఆ లెక్కన మేలిమి, అంటే కలుపు లేని బంగారం, సుమారు 31.6 గ్రాములు వస్తుంది. నిజానికి ఆ 54 గ్రాములలో అల్లిక బరువు 14.2 గ్రాములే, మిగిలిన 39.8 గ్రాములు అయిదు సావరిన్‌లవి. సావరిన్ 22 క్యారెట్ల బ్రిటిష్ బంగారు నాణెం. విడివిడిగా లెక్క వేస్తే మేలిమి 44.8 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్క గీతతో పదమూడు గ్రాముల మేలిమి లెక్కలోంచి జారిపోయింది. అతను మోసం చేశాడని నేను అనను, ఎందుకంటే గొలుసును గొలుసుగా చూడడమే అతని వృత్తి. నాణేల నగలో మాత్రం నాణెం ఒక వస్తువు, దానిని పట్టి ఉంచిన చట్రం మరొక వస్తువు. రెండింటినీ కలిపి తూచిన క్షణంలోనే లెక్క తప్పుతుంది.

మూల్యాంకన సేవవారు మొదలుపెట్టిన తీరు ఇందుకు పూర్తి భిన్నంగా ఉంది. సంచి సీలును నా ఎదుటే విప్పారు. ఒక్కొక్క వస్తువును రెండు వైపులా ఫోటో తీసి, తూచి, బరువును రెండు దశాంశాల వరకు రాసి, నా సంతకం తీసుకుని రసీదు ఇచ్చారు. రుసుము వస్తువుకు ఇంత అని ముందే చెప్పారు. ఈ చివరి సంగతి చాలామంది పట్టించుకోరు. విలువలో ఇంత శాతం అని రుసుము తీసుకునే చోట, విలువ పెరిగే కొద్దీ లాభపడేది విలువ కట్టే మనిషే, కాబట్టి ఆ అంకెను నమ్మడం కష్టం. రెండు వారాలలో ఇస్తామన్న నివేదిక అయిదు వారాలకు వచ్చింది. ఆలస్యానికి కారణం అడిగితే కానీ చెప్పలేదు. ఇది చిన్న లోపమే కనుక ఇక్కడితో వదిలేస్తున్నాను.

బ్రేస్‌లెట్‌పై వారు చేసిన పని ఈ సేవకు మకుటం వంటిది. అయిదు నాణేలూ టంకం లేకుండా, నాలుగేసి కొక్కేల మధ్య బిగించి ఉన్నాయి. కొక్కేలను ఒక్కొక్కటిగా వంచి, నాణెపు అంచుకు గీత పడకుండా బయటికి తీసి, విడివిడిగా తూచారు. 7.94, 7.95, 7.96, 7.97, 7.98 గ్రాములు వచ్చాయి. కొత్త సావరిన్ బరువు 7.988 గ్రాములు, అందులో మేలిమి 7.322 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు. చలామణీలో అరిగిన నాణెం 122.5 గ్రెయిన్లకు, అంటే సుమారు 7.94 గ్రాములకు తగ్గితే అది చెల్లదని బ్రిటిష్ చట్టం ఒక హద్దు పెట్టింది. మా నాణేలలో అన్నిటికంటే అరిగినది సరిగ్గా ఆ గట్టు మీద నిలిచింది.

తరువాత నీటి పరీక్ష చేశారు. సన్నని దారంతో నాణేన్ని నీటిలో వేలాడదీసి తూచినప్పుడు తగ్గిన బరువుతో గాలిలో తూచిన బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. రాగి కలిపిన 22 క్యారెట్ల బంగారానికి అది 17.6కు దగ్గరగా ఉండాలి. అంటే ఎనిమిది గ్రాముల నాణెం నీటిలో సుమారు 0.45 గ్రాములు తగ్గాలి. అదే నాణెం 18 క్యారెట్లదైతే తగ్గుదల 0.51 దాకా వెళుతుంది. తేడా ఒక గ్రాములో వందో వంతులు ఆరు. వంటింటి త్రాసుపై ఇది తేలదు, దారానికి అంటిన చిన్న గాలి బుడగ కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఆ బుడగను ఈకతో తుడిచి, ఒక్కొక్క నాణేన్నీ మూడుసార్లు తూచడం నేను దగ్గర నిలబడి చూశాను. నాణెం చట్రంలో ఉండగా చేస్తే ఈ పరీక్షకు అర్థం లేదు. రెండు వన్నెల బంగారం కలిసినప్పుడు వచ్చే సాంద్రత ఆ రెండింటిలో దేనిదీ కాదు.

అయిదు నాణేలూ ఈ పరీక్షలో నెగ్గాయి. అయినా ఒకటి నకిలీ అని నివేదిక తేల్చింది, అదీ 7.98 గ్రాములతో అన్నిటికంటే నిండుగా తూగినది. దానిపై సంవత్సరం 1917. ఆ ఏడాది సావరిన్‌లను లండన్‌తో పాటు సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా టంకశాలలు కూడా ముద్రించాయి. ఆ బయటి టంకశాలల నాణేలకు సంవత్సరం పైన, బొమ్మలో నేలను చూపే గీతపై ఎస్, ఎం, పి, సి అనే చిన్న అక్షరం ఉంటుంది, లండన్ నాణేనికి ఏ అక్షరమూ ఉండదు. 1917 లండన్ నాణేలు నేడు అరుదుగా దొరుకుతాయి, అరుదైనదానికే నకిలీలు పుడతాయి. మా నాణెంపై అక్షరం లేదు. భూతద్దం కింద చూస్తే, గుర్రంపై ఉన్న సెయింట్ జార్జ్ బొమ్మ చెక్కిన బెనెడెట్టో పిస్ట్రుచ్చి పొడి అక్షరాలు బి, పి ఉండవలసిన చోట రెండు బొడిపెలు మాత్రమే కనిపించాయి. నాణెపు అంచు చుట్టూ ఉండే సన్నని గాట్లు ఒక వైపు ఒత్తుగా, మరొక వైపు పలుచగా ఉన్నాయి. 20వ శతాబ్దం మధ్యకాలంలో లెబనాన్‌లోని బేరూత్ వంటి చోట్ల తయారైన నకిలీ సావరిన్‌లలో చాలావాటికి బంగారం దాదాపు సరిగానే ఉండేదని తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. త్రాసు, నీరు రెండూ ఇది బంగారమేనని నిజమే చెప్పాయి. ఇది ఎవరు కొట్టిన నాణెమన్నది మాత్రం కంటితో చూడవలసిందే. దానికి బంగారం విలువ మిగిలింది, సేకర్తలు చెల్లించే అదనపు విలువ పోయింది. నివేదికలో ఈ రెండు సంగతులనూ రెండు వేరు వాక్యాలుగా రాసినందుకు వారిని మెచ్చుకోవాలి.

రెండవ వస్తువు దగ్గర ఇదే సేవ తడబడింది. అది ఒక పతకం. లోపల 1911 నాటి రెండున్నర డాలర్ల అమెరికన్ నాణెం ఉంది. 1908 నుంచి 1929 వరకు వచ్చిన ఈ రకానికి ఒక ప్రత్యేకత ఉంది. దీనిలో బొమ్మ పైకి ఉబ్బి ఉండదు, లోపలికి దిగి ఉంటుంది. నాణెం 18 మిల్లీమీటర్ల వెడల్పు, 4.18 గ్రాముల బరువు, 90 శాతం బంగారం. 1911లో డెన్వర్ టంకశాల కొట్టినవి 55,680 మాత్రమే. వాటికి వెనుక వైపు, ఎడమ దిగువన, అంచుకు దగ్గరగా డి అనే సన్నని అక్షరం ఉంటుంది, ఫిలడెల్ఫియా టంకశాలవాటికి ఏ అక్షరమూ ఉండదు. డి ఉన్న నాణేనికీ లేని నాణేనికీ సేకర్తల దృష్టిలో చాలా తేడా ఉంది. మా పతకంలో చట్రపు పెదవి నాణెపు అంచు మీదికి వంగి, సరిగ్గా ఆ చోటును కప్పేసింది. అయినా మొదటి నివేదికలో "1911, ఫిలడెల్ఫియా, మంచి స్థితి" అని రాసి, దానికి సేకర్తల విలువ కట్టారు. కప్పి ఉన్న చోట ఏముందో చూడకుండా ఎలా రాశారని అడిగితే, మామూలుగా దొరికేవి ఆ టంకశాలవే కదా అని సమాధానం వచ్చింది.

నా అభ్యంతరం మీద చట్రాన్ని సడలించి నాణేన్ని బయటికి తీశారు. డి అక్షరం లేదు. అంటే టంకశాల విషయంలో వారి ఊహ నిజమైంది. కానీ నాణెం బయటపడిన తరువాత మరొక సంగతి తెలిసింది. చట్రంలో ఇమడడం కోసం పూర్వం ఎవరో అంచును మూడు చోట్ల ఆకురాయితో అరగదీశారు. అక్కడ గాట్లు పూర్తిగా చెరిగిపోయి, బరువు 4.11 గ్రాములకు తగ్గింది. ఇటువంటి నాణేలకు పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి నాణేల స్థితిని నిర్ణయించే గ్రేడింగ్ సంస్థలు అంకెతో కూడిన శ్రేణి ఇవ్వవు, దెబ్బతిన్న నాణెంగా చూపి పంపుతాయి. మొదటి నివేదికలో రాసిన "మంచి స్థితి" అలా ఎగిరిపోయింది, విలువ బంగారం ధర దగ్గరికి దిగింది. నేను అడగకపోయి ఉంటే ఎక్కువ విలువ రాసిన కాగితం నా దగ్గర ఉండేది, దానిని పట్టుకుని పంపకాలలో ఎవరో ఒకరు నష్టపోయేవారు. విలువను ఎక్కువ చేసి చెప్పిన తప్పును ఎవరూ ఫిర్యాదు చేయరు కనుకనే అది ఎక్కువ కాలం బతుకుతుందని నా అనుమానం.

మిగిలిన రెండింటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకటి బ్రోచ్. ఆస్ట్రియా నాలుగు డుకాట్ల నాణెం వెనుక నేరుగా పిన్ను టంకం పెట్టారు. దీనిపై 1915 అని ఉంటుంది కానీ, ఆ సంవత్సరం వేసి తరువాతి కాలంలో మళ్ళీ మళ్ళీ కొట్టిన నాణేలు ఇవి. 39.5 మిల్లీమీటర్ల వెడల్పుకు 13.96 గ్రాములే బరువు కనుక రేకులా పలుచగా ఉంటుంది, వన్నె మాత్రం వెయ్యికి 986. టంకం వల్ల పోయే సేకర్తల విలువ దీనికి మొదటి నుంచీ పెద్దగా లేదు, కాబట్టి పిన్నును ఊడదీయకుండా నాణెపు ప్రామాణిక బరువునే ఆధారం చేసుకుని మేలిమి 13.77 గ్రాములని రాయడం సబబే. ఎక్కడ విప్పి చూడాలో, ఎక్కడ విప్పనక్కరలేదో తెలియడం కూడా నైపుణ్యమే. రెండవది చిన్న బిళ్ళల గొలుసు. పదకొండు బిళ్ళలలో ఏడు మెక్సికో రెండు పెసోల నాణేలు, ఒక్కొక్కటి 1.67 గ్రాములు, మేలిమి ఒకటిన్నర గ్రాము. ఇవి కూడా 1945 అనే సంవత్సరంతో తరువాత కొట్టినవే. మిగిలిన నాలుగూ నాణేలను పోలిన పూత బిళ్ళలు. ఎక్స్‌రే యంత్రం వాటికి కూడా మంచి బంగారం ఉన్నట్టే చూపింది, ఎందుకంటే దాని చూపు పైపొరను దాటి లోతుకు వెళ్ళదు. త్రాసు మీద పెట్టగానే ఒక్కొక్కటి గ్రాము కూడా తూగలేదు. ఖరీదైన యంత్రాన్ని గోడకు తగిలించుకుని, దానినే చూపి నమ్మించే చోట్లకు వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

నివేదిక రూపం గురించి నా ఫిర్యాదు ఇంకొకటి ఉంది. మొదటిసారి ఇచ్చిన విలువలన్నీ, నగ పోతే అటువంటిది కొత్తగా కొనడానికి ఎంత అవుతుందనే ప్రాతిపదికపై ఉన్నాయి. అది బీమా కోసం కట్టే విలువ. అందులో తయారీ కూలి, అంగడివాని లాభం, కొత్త వస్తువు మెరుగు అన్నీ కలిసి ఉంటాయి. మాకు కావలసింది వారసుల మధ్య పంపకానికి పనికివచ్చే విలువ, అంటే ఇష్టపడి కొనేవాడు ఇష్టపడి అమ్మేవానికి ఇవ్వగల ధర. కరిగిస్తే చేతికి వచ్చేది మూడవ విలువ, అది అన్నిటికంటే తక్కువ. ఒకే బ్రేస్‌లెట్‌కు మూడు అంకెలు ఉంటాయి, మూడూ నిజమే. ఏ పనికో అడగకుండా ఒకటి రాసి ఇవ్వడం మాత్రం పొరపాటు. అడిగిన మీదట మరో రుసుము లేకుండా తిరగరాసి ఇచ్చారు. ఆ రెండవ నివేదికే నిజమైన నివేదిక. అయితే దానిని అందిస్తూ, అమ్మే ఉద్దేశం ఉంటే తామే తీసుకుంటామని మాట కలిపారు. విలువ కట్టిన నోటితోనే బేరం మాట రావడం నాకు రుచించలేదు. సంచిలో నగలతో పాటు వచ్చిన పాత కాగితపు కవరును, దానిపై మేనత్త దస్తూరీలో ఉన్న తేదీని నివేదికలో ఎక్కడా ప్రస్తావించకపోవడం కూడా లోటే. వస్తువు ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి ఉందో చెప్పే కాగితం విలువలో భాగమే.

ఆ మాటకు వస్తే, నివేదిక చివర చిన్న అక్షరాలలో ఉన్న ఒక షరతును చాలామంది చదవరు. వస్తువుపై యాజమాన్య హక్కు నిర్వివాదమని భావించి ఈ విలువ కట్టామన్నది ఆ షరతు. లాకరులో దొరికినంత మాత్రాన హక్కు దొరికినట్టు కాదని 1933 నాటి డబుల్ ఈగిల్ అనే ఇరవై డాలర్ల అమెరికన్ బంగారు నాణేల కథ చెబుతుంది. ఆ ఏడాది 4,45,500 నాణేలు ముద్రించి, విడుదల చేయకుండానే దాదాపు అన్నిటినీ కరిగించారు. 2003లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక నగల వ్యాపారి కుటుంబ లాకరులో పది బయటపడ్డాయి. అసలువో కావో తేల్చమని వారసులు ప్రభుత్వ టంకశాలకే పంపితే, అవి దొంగిలించిన ప్రభుత్వ సొత్తని చెప్పి టంకశాల తిరిగి ఇవ్వలేదు. వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచి, 2016లో అప్పీలు న్యాయస్థానం ప్రభుత్వానికే తీర్పు ఇచ్చింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. వ్యక్తిగత యాజమాన్యానికి అనుమతి ఉన్న అదే రకం నాణెం ఒకటి 2021 వేలంలో సుమారు 1.89 కోట్ల డాలర్లు పలికింది. ఆ పది నాణేల వల్ల వారసుల చేతికి వచ్చింది సున్నా. నాణేలు అవే, లోహం అదే.

ఇక జాబితాలోని అయిదవ వరుస మిగిలింది. "పసుపు రంగు లోహపు గొలుసు, నాణెం వంటి బిళ్ళ ఒకటి" అని రాసి ఉన్న ఆ వస్తువు సంచిలో లేదు. మేము హక్కు కోరేలోపే గడువు ముగిసి, దానిని వేలం వేశారు. వచ్చిన సొమ్మును మాత్రం మేనత్త పేరిట జమ చేసి ఉంచి, మాకు చెల్లించారు. ఇటువంటి విభాగాలు చాలా చోట్ల అనుసరించే పద్ధతి ఇదే. వస్తువు పోతే సొమ్ముపై హక్కు మిగులుతుంది, వస్తువుపై హక్కు మిగలదు. వేలం ప్రకటన కోసం తీసిన ఒక ఫోటో, గొలుసుతో కలిపి తూచిన మొత్తం బరువు మాత్రం అడిగితే ఇచ్చారు. ఫోటోలో నాణెం ముందు వైపు కొంత వెలుతురులో, కొంత నీడలో ఉంది. సంవత్సరం చివరి అంకె గొలుసు కడియం కింద పడింది.

ఆ ఫోటోను కూడా మూల్యాంకన సేవకు ఇచ్చి, వేలంలో వచ్చిన సొమ్ము న్యాయమైనదో కాదో చెప్పమని అయిదవ వస్తువు రుసుము ముందే చెల్లించాను. పతకం విషయంలో చేసినట్టే ఏదో ఒక అంకె వేసి పంపుతారని అనుకున్నాను. పది రోజులకు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. నాణేన్ని విడిగా తూచకుండా, వెనుక వైపు చూడకుండా, అంచు పరిశీలించకుండా విలువ రాయలేమన్నది మొదటి వాక్యం. రెండవ వాక్యంలో ఆ వస్తువు రుసుము తిరిగి పంపుతున్నామని ఉంది. ఉత్తరంతో పాటే రుసుము అందింది.